ఎండలో క్రిస్మస్, చలిలో క్రిస్మస్: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకు ఒక్క వాక్యం రాశాను, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మా తమ్ముడి ఇంట్లో రెండు క్రిస్మస్‌లు చేసుకున్నాననీ, రెండూ నడి ఎండాకాలంలోనే వచ్చాయనీ. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కర్నూలు, ఆదోని, కడప, గుత్తి, అనంతపురం, అన్ని వైపుల నుంచీ రాశారు. పిల్లల్ని ఆ దేశానికి పంపిన తల్లులవే ఎక్కువ. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే.

అక్కా, వందనాలు. మాది కర్నూలు. మా అబ్బాయి మెల్‌బోర్న్ పోయి నాలుగేళ్లయింది. ఈ డిసెంబర్‌కు మమ్మల్ని రమ్మంటున్నాడు. పెళ్లయినప్పటి నుంచి క్రిస్మస్‌కు మా గుడి వదిలి నేను ఎక్కడా లేను. పోయిన ఏడు పండగ రోజు ఫోన్ చేస్తే నిక్కర్లు వేసుకుని బీచ్‌లో ఉన్నారు. మా కోడలు "పండగలాగే లేదత్తమ్మా" అనింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత దూరం పోయి పండగ లేని పండగ చేసుకోవాలా? పోతే ఏమేం తీసుకుపోవాలి? (ఒక తల్లి, కర్నూలు)

అమ్మా, వెళ్లండి. మిగతాది ఎంత చెప్పినా ఆ మాట ముందు చెప్పాలి.

ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. మే నెల మధ్యాహ్నం కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో కోసం నిలబడ్డ మనిషికి మెల్‌బోర్న్ ఎండ కొత్త కాదు. అయితే ఆ ఊరి ఎండకు నిలకడ లేదు. ఒక రోజు లోపలి ఎడారి వైపు నుంచి వేడి గాలి కొట్టి ముప్పై ఎనిమిది దాటుతుంది, సాయంత్రానికి సముద్రం వైపు గాలి తిరిగి ఇరవైకి పడిపోతుంది. ఒకే రోజులో నాలుగు కాలాలు చూడొచ్చని అక్కడివాళ్లే అంటారు. కాబట్టి నూలు చీరలతో పాటు ఒక స్వెట్టర్ కూడా పెట్టుకోండి. గాలి చల్లగా ఉన్న రోజున కూడా ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, టోపీ పెట్టుకోమని కోడలు చెబితే మొహమాటపడకుండా పెట్టుకోండి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేడి కాదు, వెలుతురు. ఇక్కడ డిసెంబర్‌లో ఆరింటికల్లా చీకటి పడుతుంది, మిద్దె మీద నక్షత్రం వెలిగించగానే వీధికంతా పండగ వచ్చేస్తుంది. మొదటి ఏడు నేను ఇక్కడి నుంచి కాగితం నక్షత్రం మడిచి జాగ్రత్తగా తీసుకుపోయాను. ఇరవై నాలుగో తేదీ సాయంత్రం ఆరింటికి అలవాటుగా స్విచ్ వేసి బయటికి వచ్చి చూస్తే, నెత్తిన ఎండ కాస్తోంది, బల్బు వెలిగిందో లేదో కూడా తెలియలేదు. అక్కడ డిసెంబర్‌లో పొద్దు కుంకేది ఎనిమిదిన్నర దాటాకే, బాగా చీకటి పడేసరికి తొమ్మిది దాటుతుంది. నా మేనకోడలికి అప్పుడు అయిదేళ్లు, అప్పటికే నిద్రపోయింది. నేను గేటు దగ్గర నిలబడి ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆ తర్వాత చాలా ఆలోచించాను. మన దగ్గర పండగను చలే దగ్గరికి చేరుస్తుంది. డిసెంబర్ మొదటి వారం నుంచి ఇల్లిల్లూ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ రౌండ్లు, మఫ్లర్లు చుట్టుకుని రాత్రి పదకొండుకు ఒక ఇంటి ముందు, పన్నెండున్నరకు ఇంకో ఇంటి ముందు, ప్రతి ఇంట్లో టీ, తెల్లవారేసరికి అందరి గొంతులూ బొంగురు. చర్చి వరండాలో ఒక దుప్పటి కింద నలుగురు పిల్లలు. చలిమంట చుట్టూ పెద్దవాళ్లు. చలికి ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటాం, అదే మన పండగ అని మనసులో పడిపోయింది. అక్కడ వేడి మనుషుల్ని ఇళ్లలోంచి బయటికి తెస్తుంది. పార్కులో గడ్డి మీద దుప్పటి పరుచుకుని, పక్కన ముక్కూమొహం తెలియని కుటుంబం, వాళ్ల పిల్లలు మన పిల్లలు ఒకే బంతి వెనక పరుగు. మొదటి ఏడు నేను ఇది చూడలేదు. లేనిదాన్నే వెతుక్కున్నాను.

మీ అబ్బాయి బీచ్‌లో ఉన్నాడంటే భక్తి తగ్గిందని అనుకోవద్దు. అక్కడ బడులకు పెద్ద సెలవులు డిసెంబర్ చివర్లో మొదలై జనవరి చివరి దాకా ఉంటాయి. మన మే నెల సెలవులు, అమ్మమ్మ ఊరికి పోవడం, క్రిస్మస్, కొత్త సంవత్సరం అన్నీ ఒకేసారి వచ్చి పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొద్దున చర్చి, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం నీళ్ల దగ్గరికి. మరుసటి రోజు ఇరవై ఆరున ఎంసీజీ అనే పెద్ద క్రికెట్ మైదానంలో టెస్ట్ మ్యాచ్ మొదలవుతుంది, ఊరు సగం అక్కడే.

క్రిస్మస్ ముందు రాత్రి పాటలకు తప్పకుండా తీసుకుపొమ్మని అడగండి. కొవ్వొత్తుల వెలుగులో వేలమంది ఆరుబయట కూర్చుని క్రిస్మస్ పాటలు పాడే ఆచారం 1938లో ఆ మెల్‌బోర్న్‌లోనే మొదలైంది, నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో అనౌన్సర్ మొదలుపెట్టాడు. ఒక ముసలావిడ కిటికీ దగ్గర కొవ్వొత్తి పెట్టుకుని రేడియోలో వస్తున్న పాటతో గొంతు కలిపి ఒంటరిగా పాడుకుంటుంటే చూశాడట, ఇలా ఒంటరిగా ఉన్నవాళ్లంతా ఒకచోట పాడితే బాగుండునని అనిపించిందట. అది విన్నప్పుడు నాకు మన కేరల్స్ బృందం గుర్తొచ్చింది, మనం పాటను ఒంటరివాళ్ల గడప దాకా తీసుకుపోతాం, ఆయన వాళ్లను పాట దగ్గరికి రప్పించాడు. పొద్దు వాలేటప్పుడు మొదలై చీకటి పడుతుండగా ఒక్కొక్క దీపం కనబడుతుంది. నా ఆరింటి నక్షత్రం అక్కడ దొరికింది నాకు.

తిండి సంగతి. అక్కడివాళ్లు చాలామంది పండగ పూట చల్లటివే తింటారు, రొయ్యలు, చల్లారిన మాంసం ముక్కలు, సలాడ్లు, పావ్లోవా అని పైన పండ్లు పేర్చిన తెల్లటి మెత్తటి తీపి. మొదటి ఏడు నేను పట్టుబట్టి మధ్యాహ్నం పన్నెండింటికి బిర్యానీ దమ్ పెట్టాను, ఆ వంటింట్లో నిలబడలేక, తిన్నవాళ్లు తినలేక, అందరం సోఫాల్లో పడిపోయాం. రెండో ఏడు పొద్దున అయిదింటికి పొయ్యి వెలిగించి తొమ్మిదికల్లా ముగించి, పగలు పెరుగన్నం, మజ్జిగ, పండ్లతో గడిపి, రాత్రి ఏడింటికి పెరట్లో అందరం కూర్చుని బిర్యానీ తిన్నాం. అప్పటికీ వెలుతురే. ఇంకొకటి, మామిడిపండు. డిసెంబర్‌లో! అక్కడ మామిడికి అదే సీజన్, చెర్రీలకూ అదే. క్రిస్మస్ రోజు మామిడిపండు రసం మోచేతి దాకా కారుతుంటే తినడం నా జన్మలో అనుకోని సంగతి.

తీసుకుపోవడం గురించి జాగ్రత్త. ఆస్ట్రేలియాలో తినే వస్తువుల తనిఖీ చాలా కఠినంగా ఉంటుంది. పాలతో, నెయ్యితో చేసినవి, మాంసం పచ్చళ్లు, గింజలు వద్దే వద్దు. ఏది తీసుకుపోయినా విమానంలో ఇచ్చే కార్డులో ఉన్నది ఉన్నట్టు రాయండి, రాయకపోతే జరిమానా, టెన్షన్. అసలు కర్జికాయలు ఇక్కడ చేసి మోసుకుపోవద్దు. మైదా, బెల్లం, కొబ్బరి అన్నీ అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. ఇరవై మూడున కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ చేయండి. ఆ అమ్మాయి "పండగలాగే లేదు" అన్నది ఎండ గురించి అని మీరు అనుకున్నారు, నాకైతే అలా అనిపించడం లేదు. ఇక్కడైతే పిండి కలిపేవాళ్లు ఒకరు, నూనె దగ్గర ఒకరు, పూర్ణం నోట్లో వేసుకునే పిల్లలు ఇద్దరు. అక్కడ ఆమె ఒక్కతే అన్నీ చేసి, అంట్లు కూడా తోముకుని, రాత్రి మీకు ఫోన్ చేసింది. మీరు వెళ్తే ఆమెకు సగం పండగ వచ్చినట్టే.

మేడమ్, నేను అనంతపురంలో ఇంటర్ చదువుతున్నాను. డిసెంబర్‌లో మనకు చలి, వాళ్లకు ఎండ ఎందుకు? సూర్యుడికి దగ్గరగా ఉంటారా? ఎండ అంత ఇబ్బందైతే క్రిస్మస్‌ను జూలైకి మార్చుకోవచ్చు కదా? (ఒక విద్యార్థి)

తమ్ముడూ, దగ్గర దూరాలు కారణం కాదు. నిజానికి భూమి మొత్తం సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో 15.2 కోట్లు. దగ్గరగా ఉన్నప్పుడే మనం స్వెట్టర్ వేసుకుంటున్నాం. కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం. డిసెంబర్ 21, 22 తేదీల్లో సూర్యుడు మకర రేఖ మీద నడినెత్తిన ఉంటాడు, ఆ రేఖ ఆస్ట్రేలియా మధ్యగా పోతుంది. ఆ రోజు మధ్యాహ్నం మీ అనంతపురంలో సూర్యుడు దక్షిణం వైపు సుమారు 52 డిగ్రీల ఎత్తులో ఉంటే, మెల్‌బోర్న్‌లో ఉత్తరం వైపు సుమారు 76 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అవును, అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. నాకు దిక్కు తెలియక రెండుసార్లు దారి తప్పాను.

జూలైకి మార్చడం గురించి. సిడ్నీ దగ్గర బ్లూ మౌంటెన్స్ అని కొండ ఊళ్లున్నాయి, అక్కడ హోటళ్లలో జూన్, జూలై చలికి నెగడు వేసి క్రిస్మస్ విందులు పెడతారు. చలి సరదా తీర్చుకోవడానికి అది బాగానే ఉంటుంది. దాన్ని నేను విందు అంటాను, పండగ అనను. రోమ్‌లో డిసెంబర్ 25న చేసుకున్నట్టు 336 నాటి లెక్క ఒకటి ఉంది, అప్పటి నుంచి ఎన్ని దేశాలకు పోయినా జనం ఆ తేదీని వెంట తీసుకుపోయారు. రష్యావాళ్లు జనవరి 7న చేసుకుంటారు కదా అంటావేమో, అది పాత జూలియన్ క్యాలెండర్‌లో డిసెంబర్ 25వ తేదీయే. వాతావరణం బాగాలేదని తేదీ మార్చడం మొదలుపెడితే, మీ అమ్మ ఇక్కడ, మీ అక్క అక్కడ ఉన్నారనుకో, ఇద్దరూ ఒకే రోజు ఒకే పాట పాడడం ఉండదు. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అక్కా, ఆదోనిలో సండేస్కూల్ టీచర్‌ని. చెట్టు మీద దూది అంటిస్తుంటే ఒక పాప "మన ఊళ్లో మంచు ఎప్పుడు పడింది టీచర్?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ పాపకు నా ముద్దులు. చల్లటి దేశాల నుంచి వచ్చిన అలవాటు అదని నిజం చెప్పండి. మనకు మంచు అంటే తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేది, పొగలా కమ్మేది. గడ్డకట్టి కురిసే మంచును మన తాతలు చూడలేదు. బేత్లెహేములో కూడా అది ఎప్పుడో గానీ పడదు.

కానీ ఆదోనివాళ్లు దూది మానేయమని నేను చెప్పలేను. డిసెంబర్ అంటే మీ ఊళ్లో ఏమిటి? పత్తి. బళ్ల మీద, ట్రాక్టర్ల మీద, లారీల మీద మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి, రోడ్డు పక్క కంపచెట్లకు తగులుకుని ఊరంతా తెల్లగా కనబడే పత్తి. ఆ పిల్లల్లో కొందరి అమ్మానాన్నలు ఏరిందే అది. మంచు అని అంటించకండి, మా ఊరి పంట దేవుడి దగ్గర పెడుతున్నాం అని అంటించమనండి. నాకు ఇంతకన్నా మంచి అలంకారం తోచడం లేదు.

చెట్టు గురించి కూడా ఒక మాట. నా చిన్నప్పుడు ప్లాస్టిక్ చెట్లు లేవు, సర్వి కొమ్మ తెచ్చి డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టేవాళ్లం, సరుగుడు అని కూడా అంటారు. ఆ చెట్టు సొంత ఊరు ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా తీరాలు. అంటే వాళ్ల ఎండ దేశపు చెట్టును మనం చలి పండగకు నిలబెట్టుకున్నాం. న్యూజిలాండ్‌లో అయితే పోహుటుకావా అనే చెట్టు డిసెంబర్‌లో ఒళ్లంతా ఎర్రటి పూలు పూస్తుంది, అదే వాళ్ల క్రిస్మస్ చెట్టు, ఎవరూ దానికి దూది అంటించరు.

అమ్మా, నాకు డెబ్బై రెండేళ్లు. కడపలో రిటైర్డ్ టీచర్‌ని. క్రిస్మస్ అంటేనే చలి, అర్ధరాత్రి, నక్షత్రం. ఎండలో, సముద్రం ఒడ్డున చేసుకునేది పేరుకు మాత్రమే క్రిస్మస్ అని నా అభిప్రాయం. మీరు దాన్ని క్రిస్మస్ అని రాయడం నాకు నచ్చలేదు.

మాస్టారూ, మీరు సూటిగా రాశారు, నేనూ సూటిగానే చెబుతాను. మీతో ఒప్పుకోలేను.

లూకా సువార్తలో తేదీ లేదు, చలి మాట కూడా లేదు. ఉన్నది రాత్రి, పొలం, మందను కాచుకుంటున్న కాపరులు. మన జిల్లాల్లో ఆ దృశ్యం పుస్తకంలో వెతకనక్కర్లేదు. పంట కోసిన చేలో రైతు గొర్రెల మందను నిలబెట్టించుకుంటాడు, ఎరువు కోసం. కాపరి కంబళి కప్పుకుని మంద పక్కనే పడుకుంటాడు, కుక్క మొరిగితే లేస్తాడు. ఆ వాక్యం చదివినప్పుడు కడప మనిషికి కళ్లకు కట్టినట్టు ఉంటుంది, లండన్ మనిషికి ఊహించుకోవాలి. కానీ ఆ కాపరి ఎండాకాలంలోనూ అదే చేలో పడుకుంటాడు కదా.

ఇంకొకటి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. వాళ్లలో ఇంగ్లండులో మంచు కురిసే క్రిస్మస్‌లో పెరిగినవాళ్లు ఇక్కడ డిసెంబర్ మధ్యాహ్నం ముప్పై డిగ్రీల ఎండ చూసి ఏమనుకుని ఉంటారు? ఇది పేరుకే క్రిస్మస్ అనుకుంటే మన పండగ ఏమయ్యేది? మన చలి వాళ్ల లెక్కలో చలే కాదు మాస్టారూ.

ఎండలో భక్తి ఉండదా అని మీరు మిమ్మల్నే అడగండి. ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు, పందిరి కింద, ఫ్యాన్ గాలి కూడా వేడిగా కొడుతుంటే, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి, ఒక్కరు లేచిపోరు. శిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ముగిసేదాకా చిన్నపిల్లలు కూడా నీళ్లు అడగరు. మన ఎండ పండగ అది. వాళ్లకు ఈస్టర్ ఆకులు రాలే కాలంలో, చల్లగాలిలో వస్తుంది. మనం ఎండలో శిలువ దగ్గర కూర్చున్నాం, వాళ్లు ఎండలో బాలయేసు తొట్టి దగ్గర కూర్చుంటున్నారు.

ఎండ క్రిస్మస్ అంతా ఆట అనీ అనుకోవద్దు. 1974 క్రిస్మస్ తెల్లవారుజామున ట్రేసీ అనే తుఫాను ఉత్తరాన డార్విన్ నగరాన్ని దాదాపు నేలమట్టం చేసింది, అక్కడ డిసెంబర్ అంటే తుఫానుల కాలం కూడా. దక్షిణాన అడవులు అంటుకునే కాలం. నిప్పు నిషేధం పెట్టిన రోజున ఆరుబయట చలిమంట కాదు కదా, కట్టెల పొయ్యి కూడా వెలిగించకూడదు. పండగ రోజున కూడా మంటలార్పే వాలంటీర్లు పిలుపు వస్తే పళ్లెం వదిలి పోతారు. అలాంటి చోట జనం కూడి పాడుతుంటే పేరుకే అని నేను అనలేను.

మీ అర్ధరాత్రి, మీ నక్షత్రం నాకూ ప్రాణమే. వాటిని వదులుకోమని ఎప్పుడూ చెప్పను.

అక్కా, గుత్తిలో మా చర్చి క్వయర్ నాది. ఈసారి అర్ధరాత్రి ఆరాధనలో ఆస్ట్రేలియాలో ఉన్న మా రెండు కుటుంబాలను వీడియోలో కలపాలనుకుంటున్నాం. అప్పుడు అక్కడ టైమ్ ఎంత? వాళ్లను ఇబ్బంది పెట్టినట్టు అవుతుందా?

మెల్‌బోర్న్, సిడ్నీ అయితే డిసెంబర్‌లో మనకన్నా అయిదున్నర గంటలు ముందు. పెర్త్‌లో ఉంటే రెండున్నర గంటలే, బ్రిస్బేన్ అయితే నాలుగున్నర. ముందు వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కో.

మెల్‌బోర్న్ అనుకుందాం. వాళ్ల అర్ధరాత్రి మనకు ఇరవై నాలుగు సాయంత్రం ఆరున్నర, సరిగ్గా మీరు నక్షత్రం వెలిగించే వేళ. అప్పుడు ఒక చిన్న ఫోన్ చేయండి, మైకులు అక్కర్లేదు. మీ గంట పన్నెండు కొట్టేసరికి వాళ్లకు ఇరవై అయిదు ఉదయం అయిదున్నర, ఇంకాసేపట్లో పొద్దు పొడుస్తుంది. ఇబ్బంది ఏమీ లేదు, రెండో ఏడు నేను అదే వేళకు పెరట్లో కూర్చుని కడపలో మా చర్చి ఆరాధన ఫోన్‌లో చూశాను. వంటకు లేచే వేళ కూడా అదే. ముందు రోజే ఒకసారి కలిపి చూసుకోండి. వీడియోలో గొంతు ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది, రెండు చోట్లా కలిసి పాడితే పాట చెడిపోతుంది. మొదటి చరణం వాళ్లను పాడనివ్వండి, మీరు వినండి, రెండోది మీరు ఎత్తుకోండి. ఫోన్‌ను వేదిక వైపు మాత్రమే తిప్పి పెట్టకండి, చాపల మీద కూర్చున్న జనం వైపు ఒకసారి మెల్లగా తిప్పండి, వాళ్ల అమ్మ ఎక్కడ కూర్చుందో వాళ్లు వెతుకుతుంటారు.